కుడివైపు మాత్రమే తిరగవలెను

విశాఖపట్నంలో మంచు లేదన్న లోటు కిందటేడాది విజయదశమి నాడు అధికారికంగా తీరిపోయింది. రుషికొండ వెళ్లే దారిలోని ఒక మాల్ రెండో అంతస్తులో, రెండు పెళ్లి పందిళ్లంత చోట నేలను గడ్డకట్టించి, దానికి స్కేటింగ్ రింకు అని నామకరణం చేశారు. బయట ముప్పై ఆరు డిగ్రీల ఉక్క, లోపల మైనస్ అయిదు. గుమ్మంలో నిలబడితే చెమటా జలుబూ ఒకేసారి పట్టే సదుపాయం రాష్ట్రంలో మరెక్కడా లేదని ప్రారంభోత్సవంలో వక్తలు కొనియాడారు. చప్పట్లు కొట్టినవారిలో మీరూ ఉన్నారు.

రింకు కంటే ముందే రింకు మీద సంఘం పుట్టింది. విశాఖ మంచుజారుడు క్రీడా సంఘానికి అధ్యక్షులు గురునాథరావుగారు. గోపాలపట్నం నివాసి, విశ్రాంత అధికారి. ఏ శాఖలో పనిచేశారో ఎవరూ అడగలేదు గనక అన్ని శాఖల్లోనూ అనుభవం ఉన్నవారు. పదకొండుమంది కార్యవర్గం ప్రమాణస్వీకారం చేసి, ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, మంచు లేనప్పుడే ఇంత ఐసు పెట్టుకోగల సత్తా తమకుందని నిరూపించుకున్నాక, నిబంధనావళి పదమూడో పేజీలో ‘క్రీడాకారులు’ అనే మాట కంటపడింది. కనీసం ఒకరైనా ఉండాలట. అలా వెతగ్గా రాధ దొరికింది.

రాధకు పంతొమ్మిదేళ్లు. తండ్రి అర్జునరావు బోటు మీద వేటకెళతాడు. నాయనమ్మ గంగాలమ్మ ఫిషింగ్ హార్బర్లో చేపలు అమ్ముతుంది. మేనమామ మోహన్ ఆ పక్కనే ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తీస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ తడి ఐసు మీద చెప్పుల్లేకుండా నడిచిన కాళ్లు రాధవి. మాల్‌లో ఆమెకిచ్చిన ఉద్యోగం పడినవాళ్లను లేపడం. పడినవాళ్లను లేపాలంటే తను పడకూడదు కదా, ఆ ఒక్క నిబంధన వల్ల స్కేటింగ్ వచ్చేసింది. ఆపైన ఫోన్లో షార్ట్ ట్రాక్ పందేలు చూసింది. నలుగురు ఆడపిల్లలు కత్తుల్లాంటి బ్లేడ్ల మీద, మంచును చేత్తో తడుముతూ, నేలకు ఒరిగిపోతూ, చిన్న బాట చుట్టూ గిరగిరా తిరుగుతున్నారు. ఎవరు ముందు గీత దాటితే వారిదే గెలుపు. చూసిన రోజు రాధకు అన్నం సహించలేదు. ఆ రాత్రి నాయనమ్మ దిష్టి తీసింది. దిష్టి పోయింది గానీ స్కేటింగ్ పోలేదు.

ఇక్కడొక చిన్న పరిపాలనాపరమైన అంశం. ప్రారంభోత్సవం నాడు రింకు నడిమధ్యన పీట వేసి, రెండడుగుల వినాయకుణ్ణి ప్రతిష్ఠించి పూజ చేశారు. పూజయ్యాక, తీయడానికి మంచి ముహూర్తం చూడాలన్నారు. ముహూర్తం చూడటానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం మొదటిసారి కూర్చోవడానికి కూడా మంచి ముహూర్తం కావాలి గనక ఇంకా నిలబడే ఉంది. స్వామి మంచు మీదే ఉండిపోయారు.

రాధ మొదటిసారి పోటీ బూట్లు వేసుకుని రెండు చుట్లు తిరిగిందో లేదో, కటకటాల దగ్గర మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డ గురునాథరావుగారు గుండె పట్టుకున్నారు. పిల్ల ఎడమకు తిరుగుతోంది. దేవుడు ఎడమచేతివైపు పడుతున్నాడు. పట్టపగలు, అధ్యక్షులవారి సమక్షంలో, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో అప్రదక్షిణం.

మర్నాటికల్లా బోర్డు వెలిసింది. ‘కుడివైపు మాత్రమే తిరగవలెను. ఇట్లు, అధ్యక్షులు.’

రాధ వెళ్లి వినయంగా చెప్పింది. “సార్, పోటీల్లో అందరూ ఎడమకే తిరుగుతారండి. ప్రపంచమంతా అంతేనండి.”

“ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుందమ్మా రాధా,” అన్నారాయన వాత్సల్యంగా. “ఇక్కడ కుడికి నేర్చుకో. అక్కడికెళ్లాక ఎడమకు తిరుగు. తిరగడం తిరగడమే కదా.”

ఆ బూట్లకు బ్లేడు నడిమికి కాక కాస్త ఎడమకు జరిపి బిగించి ఉండటం కూడా ఆయన దృష్టికి వచ్చింది. ఎడమకు ఒరిగినప్పుడు బూటు మంచుకు తగలకుండా అలా చేస్తారని రాధ చెప్పేలోపే దాన్ని తయారీ లోపంగా నమోదు చేసి, బ్లేడ్లు కుడికి జరిపించారు. సంఘం చేపట్టిన తొలి సాంకేతిక సంస్కరణ అదే.

ఇదంతా నవ్వుకుని వదిలేయవచ్చు గానీ, రాధ హెల్మెట్ లోపల ఒక ఉత్తరం మడతపెట్టి ఉంది. మాల్ యాజమాన్యం రాసింది. ఆగస్టులో ఒక చలిదేశంలో జరిగే అంతర్జాతీయ ఆహ్వాన పోటీలో, మహిళల అయిదువందల మీటర్లలో, ఆమె ఒక్క రౌండు దాటినా సరే, రోజూ పొద్దున్న ఒక గంట మంచు ఆమెకూ, ఆమె దగ్గర నేర్చుకుంటామంటున్న హార్బర్ ఆడపిల్లలు ఏడుగురికీ వదిలేస్తారు. దాటకపోతే ఆ గంట కూడా పుట్టినరోజు పార్టీలకే. ఒక్క గంట. రాధ అడిగింది అంతే. ఆ ఏడుగురూ అప్పటికే హార్బర్ గట్టు మీద చేపలబుట్ట మూతలు కాళ్లకింద పెట్టుకుని జారడం ప్రాక్టీసు చేస్తున్నారు.

సంగతంతా విని గంగాలమ్మ చేపల మీద ఐసు చల్లుతూ అడిగింది. “ఏటే, బొమ్మ సుట్టూ కుడికే తిరగాలన్నాడా ఆ మఫలరు బాబు?”

“అవునే నానమ్మా.”

“మీ అయ్య బోటు ఒడ్డుకు తెచ్చినప్పుడు గాలి ఎటుంటే అటు తిప్పుతాడు. నాను కుడికే తిప్పుతానంటే రాయికి తగిలి సస్తాడు. దేవుడికి తెలీదేటే ఆ మాత్రం? ఎల్లు, మీ మావనడుగు.”

అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఐసుకు గిరాకీ ఉండదు. మోహన్ యజమానిని ఒప్పించి, షెడ్డులో దిమ్మలు పక్కపక్కన పేర్చి, సందుల్లో నీళ్లు పోసి గడ్డకట్టించి, నడిమధ్యన ఏమీ పెట్టకుండా వదిలేశాడు. రోజూ పొద్దున్న రాధ మాల్‌లో కుడికి తిరిగేది. మధ్యాహ్నం హార్బర్లో మావయ్య స్పానరు తీసి బ్లేడ్లు ఎడమకు బిగిస్తే ఎడమకు తిరిగేది. సాయంత్రం మళ్లీ కుడికి బిగించేవాడు.

“కోడలా, నీ బూట్లకి రోజుకి రెండుసార్లు పార్టీ మార్పిస్తన్నాను. ఎలచ్చన్లలో నిలబడిపోతావేటి?” అనేవాడు. జూన్ పదిహేనున బోట్లు సముద్రంలోకి దిగాయి. ఐసు చేపలకు పోయింది. రాధకు మాత్రం రెండు వైపులూ వచ్చేశాయి.

పోటీకి బయల్దేరిన మన జట్టులో ఏడుగురు. ఆరుగురు కార్యవర్గం, ఒకరు క్రీడాకారిణి. కోచ్ లేరు, ఎందుకంటే కోచ్ పదవి నిబంధనావళిలో లేదు. వీడ్కోలు సభలో గురునాథరావుగారు, “పతకం రాకపోయినా పథకం వస్తుంది, పథకం ఉంటే పతకాలు వాటంతటవే వస్తాయి,” అని నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ నలభై నిమిషాలూ రాధ శాలువా కింద మోకాళ్లు వంచి, పందెం మొదలయ్యే భంగిమలో నిలబడి ప్రాక్టీసు చేసుకుంది. వినయంగా వంగిందని పేపర్లో రాశారు.

అక్కడికి చేరాక అధ్యక్షులవారు చీఫ్ రిఫరీకి వినతిపత్రం సమర్పించారు. ఒక్క మహిళల హీటు, అనగా తొలి రౌండు పందెం, మాత్రం కుడివైపుగా నడిపించవలసిందని ప్రార్థన. రిఫరీ దాన్ని పూర్తిగా చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నాడు. ఏ దేశంలోనైనా ఆఫీసు ఆఫీసేనని గురునాథరావుగారికి ఆయన మీద గౌరవం పెరిగింది.

హీటులో నలుగురు. మొదటి ఇద్దరికే తరువాతి రౌండు. తుపాకీ పేలింది. మొదటి చుట్టు ముగిసేసరికి రాధ నాలుగోది. రెండు, మూడు చుట్లలోనూ నాలుగోదే. ముందున్న అమ్మాయిలు పుట్టాక నడక నేర్చుకోకుండా నేరుగా జారినట్టున్నారు. ఆమె ఎడమచెయ్యి మంచును గీస్తోంది, తొడలు మండుతున్నాయి, హెల్మెట్ లోపల ఉత్తరం చెమటకు మెత్తబడి నుదుటికి అంటుకుంటోంది. ఆఖరి చుట్టుకు గంట మోగింది. గ్యాలరీలో గురునాథరావుగారు అప్రదక్షిణం చూడలేక కళ్లు మూసుకున్నారు.

ఆఖరి మలుపులో రెండో అమ్మాయి, మూడో అమ్మాయి ఒకే ఖాళీలోకి దూరబోయి ఒకరికొకరు తగిలారు. ఒకరు జారి గోడ పక్క మెత్తల్లో పడ్డారు. ఇంకొకరు బొంగరంలా తిరుగుతూ వచ్చి సరిగ్గా రాధ దారికి, ఎడమపక్కన, అడ్డంగా ఆగారు. బాట లోపలి గుర్తులు దాటి అడ్డదారిన పోతే అనర్హత. అదే వేగంలో ఎడమకే పోతే ఢీ. మిగిలింది కుడివైపు ఒక్క మూర సందు. ఎడమ మలుపు మధ్యలో కుడికి కోసుకుని మళ్లీ ఎడమకు రావడం ఆ ఆటలో ఎవరూ నేర్చుకోరు, ఎవరూ నేర్పరు.

రాధకు ఒక్క క్షణం ఆ పడిన పిల్ల చోట పీటమీది వినాయకుడు కనిపించాడు. కాళ్లు వాటంతటవే కుడికి ఒరిగాయి. చుట్టి వచ్చింది. గీత దాటింది. రెండో స్థానం.

రౌండు దాటింది. తరువాతి రౌండులో నలుగురిలో నాలుగోదిగా వచ్చింది. సంఘం పత్రికా ప్రకటనలో అది ‘ప్రపంచంలో నాలుగో స్థానం’గా వెలువడింది. ప్రదక్షిణ పద్ధతిలో శిక్షణ ఇవ్వడం వల్లనే ఈ విజయమని అధ్యక్షులవారు ప్రకటించారు. ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పింది సగం నిజం కావడం రాధను చాలాకాలం బాధించింది.

మాల్ వాళ్లు మాట నిలుపుకున్నారు. సోమవారం నుంచి, పొద్దున్న ఆరు నుంచి ఏడు, ఒక గంట. ఏడుగురు పిల్లలకూ బూట్ల కొలతలు తీసుకున్నారు.

ఆదివారం సాయంత్రం పౌరసన్మానం. మంచుక్రీడాకారిణికి మంచు మీదే సన్మానం జరగడం సముచితమని కార్యవర్గం తీర్మానించింది. వేదిక, దాని మీద అతిథులకు సోఫాలు, కింద నాలుగు వందల ఇనప కుర్చీలు. సోఫాలకు చోటు చాలకపోతే ఇద్దరు మనుషులు వచ్చి వినాయకుణ్ణి పీటతో సహా ఎత్తి, లిఫ్టు పక్కన పెట్టారు. రెండు నిమిషాల పని. ముహూర్తం ఎవరూ అడగలేదు. రాధ కళ్లప్పగించి చూసింది. అధ్యక్షులవారు ఆ సమయంలో దండలు లెక్కపెట్టుకుంటున్నారు.

ప్రసంగాలు మూడు గంటలు సాగాయి.

సోమవారం పొద్దున్న ఆరింటికి రాధ ఏడుగురు పిల్లలతో వచ్చేసరికి రింకుకు తాడు కట్టి ఉంది. నాలుగు వందల కుర్చీల కాళ్లు మంచులోకి దిగి పదహారు వందల గుంటలు చేశాయి. మరమ్మతులకు నాలుగు నెలలట. తాడు మీద బోర్డు మాత్రం పాతదే వేలాడుతోంది.

గురునాథరావుగారికి ఫోన్ చేస్తే ఆప్యాయంగా ఓదార్చారు. “ఘన సన్మానం చేశామమ్మా. ఘనపదార్థం కాస్త కరగడం సహజం.”

సంగతి తెలిసిన గంగాలమ్మ పిల్లలందరికీ తలో ఐసుముక్క చేతిలో పెట్టి, “కరిగేలోపు ఏటి సేత్తారో సేసుకోండి,” అంది.

రాధ తాడు కింద నుంచి రింకులోకి దూరి, ఆ పదహారు వందల గుంటలనూ మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చాలావరకు చిన్నవే, నీళ్లు పోస్తే పూడేవే. మూడో వరసలో, నడవ పక్క కుర్చీ దగ్గర మాత్రం నాలుగు గుంటలు కావు, నాలుగు కాలవలు. ఎవరో వక్త ‘మన బంగారుతల్లి’ అన్నప్పుడల్లా ఉత్సాహం పట్టలేక, కుర్చీని ముందుకూ వెనక్కూ జరుపుతూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

మీరు ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో మీకు గుర్తుండే ఉంటుంది.