పద్దెనిమిది హాళ్ల కోర్సు

గురువారం పొద్దున ముత్యాలరావు వేసుకున్న లెక్క చిన్నదే. ఆరింటికి బెన్నీ ఆటోలో ఎండు నెత్తళ్ల చేపల బస్తాలు తెనాలి పంపాలి. పదింటికి గ్రామసభకు వెళ్లి, ఊరిని మున్సిపాలిటీలో కలపొద్దని చెప్పాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి తూర్పు దిబ్బ మీద ఆరబోసిన చేపను తిరగెయ్యాలి. ఖర్చు ఒక గంట. రాబడి, ఊరు ఊరుగా మిగలడం.

"వెళ్లావా, వద్దన్నావా, వచ్చావా అన్నట్టుండాలి," అంది భార్య రత్తమ్మ, చేపల తట్ట నెత్తికెత్తుకుంటూ. "అక్కడ కూర్చుని లాభనష్టాలు చెప్పబోకు."

"నేనెందుకు మాట్లాడతానే?"

ఆ మాట పంచాయతీ ఆఫీసు గోడ దాకా నిలిచింది. గోడ మీద నోటీసు అంటించి ఉంది. గవ్వలపాలెం పంచాయతీని మున్సిపాలిటీలో విలీనం చేసి, గ్రామంలో గల్ఫ్ కోర్సు ఏర్పాటు చేయు విషయమై సభ అట. పంచాయతీ సెక్రటరీ స్వర్ణలత, పై ఆఫీసు వాళ్లు ఫోనులో చెప్పినదాన్ని విన్నది విన్నట్టు టైపు చేసింది. అడవులదీవి దాటాక సముద్రం అంచున ఉన్న ఆ ఊళ్లో ఒకరి తమ్ముడు కువైట్‌లో, ఇంకొకరి ఆడబిడ్డ మస్కట్‌లో ఉన్నారు. నోటీసులో తప్పేమీ ఎవరికీ కనపడలేదు.

ముత్యాలరావు అక్కడే లెక్క మార్చాడు. కోర్సంటే జనం వస్తారు. నేర్చుకున్నవాళ్లు విమానం ఎక్కుతారు. విమానం ఎక్కేవాడికి పెట్టె కావాలి, పెట్టెలో రెండు కిలోల ఎండుచేప కావాలి. ఎండుచేప తన దగ్గరుంది. లేనిది పెట్టే. వెంటనే బెన్నీకి ఫోన్ కొట్టాడు.

"ఒరేయ్, సరుకు దింపాక ఖాళీగా రాబోకు. సూట్‌కేసులు ఓ నలభై వేసుకురా."

"నలభయ్యా? మీ ఇంట్లో ఎవరు వెళ్తున్నారు మావా?"

"ఊరే వెళ్తోందిరా!"

పదింటి సభ పదకొండున్నరకు మొదలైంది. మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఆఫీసరు ప్రేమ్‌కుమార్ కాగితం చూసి చదివాడు. కాగితంలో ఉన్నది గోల్ఫ్ అనే ఆట. ఆ ఆటను ఆయన ఎన్నడూ చూడలేదు, వినేవాళ్లు దాని పేరే వినలేదు. దానికి తోడు మైకుకు జలుబు చేసినట్టుంది. 'గోల్ఫ్' అంటే 'గల్ఫ్' అని వినపడింది, 'హోల్స్' అంటే 'హాల్స్' అని.

"మొత్తం పద్దెనిమిది హోల్స్‌తో కోర్సు వస్తుందండి," అన్నాడు ఆఫీసరు.

"పద్దెనిమిది హాళ్లే!" జనంలో గుసగుస.

ముత్యాలరావు లేచాడు. "ఒక్కోదాన్లో ఎంతమందండి?"

"ఒకసారికి నలుగురండి."

"నలుగురేనా? అంటే దగ్గరుండి నేర్పుతారన్నమాట. ఎన్నాళ్ల కోర్సండి?"

"ఎన్నాళ్లేంటండి? నాలుగు గంటల్లో అయిపోతుంది."

ముత్యాలరావు నోరు తెరుచుకుంది. రేపల్లెలో టైపు నేర్చుకోడానికే ఆర్నెల్లు పట్టిన కాలం ఆయనది. "నాలుగు గంటల్లో అంత చదువు ఎట్టా ఎక్కుద్దండి?"

ఆఫీసరు కాగితం తిప్పాడు. "అంతా కర్రలోనే ఉందండి. మనిషికి పద్నాలుగు కర్రలు ఉంటాయి. దూరాన్ని బట్టి కొడతారు."

"విన్నారా!" ముత్యాలరావు జనం వైపు తిరిగాడు. "ఒకటి కాదు, రెండు కాదు, పద్నాలుగు కర్రలు! చదువంటే అదీ. ఇంటి పన్ను పెరిగితే పెరిగింది, ఇంటికో మనిషి గల్ఫ్ వెళ్తే నష్టమా, లాభమా?"

చేతులన్నీ లేచాయి. ఒక్క రత్తమ్మ చెయ్యే కిందున్న తట్ట మీద ఉండిపోయింది.

వ్యాపారి కాబట్టి ముత్యాలరావు తీర్మానం కూడా తనే దగ్గరుండి రాయించాడు. "రేపు మాట మార్చకుండా గట్టిగా రాయమ్మా సెక్రటరీగారూ. పద్దెనిమిది హాళ్ల గల్ఫ్ కోర్సు కడితేనే విలీనానికి సమ్మతం, లేకపోతే లేదు అని." స్వర్ణలత రాసింది. భోజనం వేళ దాటిపోతోందని ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టాడు.

"మంచిదండి. సోమవారం నుంచి తూర్పు దిబ్బ చదును చేసి గడ్డి పరుస్తాం," అన్నాడు లేస్తూ.

"ఏ దిబ్బండి?" అంది రత్తమ్మ. ఊరందరి చేపా ఎండేది ఆ దిబ్బ మీదే. "కోర్సుకి గడ్డెందుకు? గేదెలు చదువుతాయా?"

అప్పుడే బాపట్ల బస్సు దిగి వచ్చిన జకరయ్య మాస్టారు ఆఫీసరు చేతిలో కాగితం తీసుకుని చదివారు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముత్యాలరావూ, ఇది గల్ఫ్ కాదయ్యా. గోల్ఫ్. గడ్డిలో పద్దెనిమిది గుంటలు తవ్వి, కర్రతో బంతిని కొట్టి వాటిలో వేసే ఆట."

సభ చల్లబడిపోయింది. సరిగ్గా ఆ క్షణానే బెన్నీ ఆటో వచ్చి ఆగింది. పైనా, పక్కనా, డ్రైవరు కాళ్ల దగ్గరా సూట్‌కేసులే.

"మావా, ఎక్కడ దింపమంటావ్?"

రత్తమ్మ ఆటో వంక చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది. ఇరవయ్యేళ్లుగా చేప ఎండబెట్టిన దిబ్బను ముత్యాలరావు అరగంటలో, అదీ తన నోటితోనే, ఇచ్చేశాడు. ఈ లెక్క ఏ వైపు నుంచి కూడినా నష్టమే. కూడుతూ కూడుతూ ఒకచోట ఆగాడు.

"స్వర్ణలతమ్మా, ఆ తీర్మానం ఒకసారి చదువు."

"పద్దెనిమిది హాళ్ల గల్ఫ్ కోర్సు కడితేనే విలీనానికి సమ్మతం, లేకపోతే లేదు," అని చదివిందామె.

"అయితే హాళ్లెక్కడండి ఆఫీసరుగారూ?"

ప్రేమ్‌కుమార్ గబుక్కున జేబులోంచి పెన్ను తీశాడు. "అది రాతతప్పండి. దిద్దేద్దాం."

"కింద మీ సంతకం ఉంది కదండి," అన్నారు మాస్టారు. "సభ చేసిన తీర్మానం దిద్దాలంటే మళ్లీ సభే దిద్దాలి."

"సరే, ఇప్పుడే దిద్దండి. గోల్ఫ్‌కి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ముత్యాలరావయితే తన మీద తనకే నమ్మకం లేక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసరు జీపు అడవులదీవి రోడ్డెక్కాక గానీ వాటిని బయటికి తియ్యలేదు.

"పోన్లే, దిబ్బ దక్కింది," అంది రత్తమ్మ, తట్ట అందుకుంటూ. "చేప తిరగేద్దాం పద."

తెనాలి కొట్టువాడు సూట్‌కేసులు వాపసు తీసుకోనన్నాడు. రత్తమ్మ ఒకటి తెరిచి మూత రెండుసార్లు వేసి చూసింది. గాలి చొరదు, పిల్లి దూరదు. వారం తిరక్కుండా ముత్యాలరావు వాటిని ఎండుచేప దాచుకునే పెట్టెలని చెప్పి ఇంటికొకటి చొప్పున అమ్మేశాడు.

ఆ ఏడు గవ్వలపాలెం నుంచి మనిషన్నవాడు గల్ఫ్ వెళ్లలేదు గానీ, వానాకాలమంతా నెత్తళ్లు మాత్రం చక్రాల పెట్టెల్లో ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి.