చదివింపుల జ్వరం

చిలకలూరిపేట దగ్గరి యానాదుల కాలనీలో ఆ ఉదయం పానకాలు వేసిన పథకం చాలా చిన్నది: జ్వరం తెచ్చుకోవడం. వీధి చివర ప్రేమదాసు కూతురి పెళ్లి. పెళ్లన్నాక చదివింపులుంటాయి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతారు. అవతలివాళ్లు మనింట్లో పెట్టినదానికి పైన కాస్త కలిపి పెట్టకపోతే కాలనీలో తలెత్తుకోలేం. మిరపకోతల డబ్బులో ఇంట్లో మిగిలింది కూతురు దీప్తి కాలేజీ ఫీజొక్కటే. సోమవారం కట్టకపోతే సీటు పోతుంది.

"నువ్వు ముసుగెట్టుకో. నేను పక్కన కూర్చుంటా. ఇద్దరికీ పెళ్లి తప్పుద్ది," అంది భార్య వెంకటేశ్వరమ్మ, దుప్పటి కప్పుతూ. చైత్రమాసపు ఎండ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

పక్కింటి మల్లేశ్వరికి కబురు తెలిసింది. "అయ్యో అన్నా! నిన్నిట్టా వదిలేసి పెళ్లికెట్టా పోతానూ?" అని మంచం పక్కనే చతికిలబడింది. ఆమె వెనకే ఎదురింటి తోమా వచ్చాడు. "నువ్వు మంచాన పడితే మాకు పప్పన్నం ఎట్టా దిగుద్దిరా?" అన్నాడు. కాసేపటికి వాకిట్లో మనుషులు పట్టలేదు. తన మీద ఇంత ప్రేముందా అని పానకాలు కళ్లు చెమర్చాయి. చెమటే కావచ్చు.

ప్రేమ ఊరికే కూర్చోదు. ఒకరు నేలవేము కషాయం పట్టించారు. ఇంకొకరు రెండో దుప్పటి కప్పారు. కారుతున్న చెమట చూసి తోమా హడలిపోయి, "ఇది మామూలు జొరం కాదు, పేట ఆస్పత్రికి పోదాం" అంటూ ఆటో పిలిచాడు. ఆస్పత్రికెళితే ఫీజు డబ్బు హారతి కర్పూరమే. వెంకటేశ్వరమ్మ ఆటోకి అడ్డంగా నిలబడింది.

పెళ్లిపందిరి వెలవెలబోవడం చూసి ప్రేమదాసు అప్పుడే పరుగున వచ్చాడు. "ఏమైంది బావా?" అని పానకాలు చెయ్యి పట్టుకున్నాడు. పానకాలుకి ఇక అబద్ధం నోట రాలేదు.

"జొరం లేదు బావా. చదివించటానికి డబ్బుల్లేవు. ఉన్నయ్యి దీప్తి ఫీజుకి."

"నా దగ్గరా లేవు," అంది మల్లేశ్వరి మెల్లగా. తోమా నేలచూపులు చూస్తూ, "నాకూ కాస్త కషాయం పొయ్యండి," అన్నాడు.

ప్రేమదాసు మంచం మీద కూలబడ్డాడు. "ఓరి మీ దుంపతెగ! మీరు పెట్టేవన్నీ మళ్లీ తిరిగెట్టా పెట్టాలా అని నెల్లాళ్లుగా నాకు నిద్ర లేదురా! డబ్బులెవడిక్కావాలి? కూర చల్లారిపోతంది, లేవండి!"

పానకాలు దుప్పట్లు తోసేసి అతన్ని కావలించుకున్నాడు. "నా బిడ్డ చదువు నిలబెట్టావు బావా. ఈ మేలు మర్చిపోను," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది మాత్రం చెమట కాదు.

పందిట్లో మైకు పట్టుకున్న జాన్ బాషాకి ఏం చదవాలో తోచలేదు. ప్రేమదాసు అతని చెవిలో ఏదో చెప్పాడు. బాషా గొంతు సవరించుకున్నాడు.

"పానకాలు గారు... వచ్చారు! మల్లేశ్వరి గారు... వచ్చారు! తోమా గారు, ఆటోతో సహా... వచ్చారు!"

ఆ కాలనీ చదివింపుల్లో ఎవరూ ఎవరికన్నా తక్కువ కాకపోవడం అదే మొదలు.