దర్జీ కాలేయ సంరక్షణ మహాసంగ్రామము

సమస్తౌషధగంధబంధురంబును, చక్రమంచికాచీత్కారముఖరితంబును, ‘కొంచెం జరగండి’ అను నిరంతరఘోషభూషితంబును నగు అత్యవసర విభాగంబున, భానుండు నడినెత్తి నెక్కిన వేళ, పంటిపోటుకు పారాసిటమాల్ మితిమీరి మ్రింగిన దర్జీ యొకండు సతీసమేతుండై ప్లాస్టిక్ కుర్చీ నలంకరించి యుండెను. అతండు చావగోరి మ్రింగినవాడు కాడు. ఇంటనున్న తెల్లబిళ్లలు, వదినగారిచ్చిన పచ్చబిళ్లలు, మందులషాపువాడు కట్టబెట్టిన జలుబుబిళ్లలు వేర్వేరు పేర్లవి గనుక వేర్వేరు మందులని నమ్మి, రెండుదినములు మూటినీ సమాదరముతో సేవించిన అమాయకచక్రవర్తి.

అంతట రక్తపరీక్షాఫలితము వచ్చెను. అనేకరోగిసందోహసంకులసమరాలసుండగు పెద్ద డాక్టరు దాని నొక కంట వీక్షించి, మేఘగంభీరస్వరంబున నిట్లనియె:

“రక్తంలో మందు చార్టులో విరుగుడు గీత కిందే ఉందిగా. పంపించెయ్యమ్మా.”

అప్పుడు నూతనమార్గదర్శకసూత్రకవచధారిణి, ఉదయమునుండి టీచుక్క యెరుగని వీరవనిత, డ్యూటీ డాక్టరమ్మ ప్రత్యుత్తర మిచ్చెను:

“ఒక్కసారే మింగితేనే ఆ గీత సార్. ఈయన రెండు రోజులుగా మింగారు. అలాంటప్పుడు గీత చూడొద్దు, విరుగుడు మొదలెట్టమని కొత్త గైడ్‌లైన్స్.”

“ఆ గైడ్‌లైన్స్ రాసినవాళ్లు మంచాలు కూడా పంపారా?”

“కుర్చీలోనే సెలైన్ పెడతాను సార్.”

పెద్దాయన “సరే, కానీ” యని రథము మరలించెను. పాతగీత పరాజితమయ్యె. అయినను శత్రుశేషము మిగిలెను. ఆ శత్రువు రోగియే.

“నాకేం లేదు మేడమ్. పన్ను కూడా తగ్గింది. షాపు తియ్యాలి,” అనుచు దర్జీ సింహమువలె లేచెను.

“ఇప్పుడు బాగానే ఉంటుందండీ. కాలేయం దెబ్బతింటే వెంటనే తెలీదు. తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది.”

ఆ వాక్యబాణము దర్జీకి తగులలేదు. ప్రక్కనున్న భార్యకు సూటిగా తగిలెను. ఆమె అతని చొక్కా అంచు పట్టుకొనెను. ఇన్నేండ్ల కాపురంబున ఆమె అతని నట్లు నలుగురిలో పట్టుకొనుట యదే ప్రథమము.

“రెండ్రోజులు నొప్పంటూ మీరు అరిచారు, నేను విన్నాను. ఈ ఒక్క పూట నా మాట వినండి. నాకు భయమేస్తోంది.”

దర్జీ ఆమె ముఖము చూచెను. తలుపువంక చూచెను. మరల ఆమె ముఖమే చూచి, కూర్చుండి, చెయ్యి చాచెను. సూది దిగెను, వేలమార్లు సూదిపోట్లు తిన్న వ్రేళ్ల వీరుడు “అమ్మా” అనెను.

భేరులు మ్రోగలేదు. పుష్పవృష్టి కురియలేదు. “ఈ కుర్చీ ఖాళీయేనా?” అని యెవరో అడిగిరి. కాదు. సకలలోకములారా, ఆ దినంబున ఆ రణరంగంబున సాధింపబడిన ఘనవిజయ మిది: కూర్చున్న మనిషి లేవలేదు.