స్నానాల గదిలో నకమురా

ఆ సోమవారం పొద్దున స్టోర్ కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానాల గదిలో దూరి, గడియ పెట్టి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఒక్క వాక్యం ఇరవైసార్లు వల్లించాలి. "వతాషి వ నకమురా దెస్." జపనీసులో తన్ను తాను పరిచయం చేసుకోవడానికి ఇదొక్కటి చాలని మేనేజరు చెప్పాడు. శుక్రవారం ఆ దేశం నుంచి ముగ్గురు పెద్దలు ఆయన పనిచేసే పంపుల ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు. కొత్త విభాగానికి ఇన్‌చార్జిని వాళ్ళే ఎంచుకుంటారు. పదకొండేళ్ళుగా కిటికీలేని గదిలో కూర్చుని నట్లూ వాషర్లూ అందిస్తున్న మనిషికి ఆ ఉద్యోగం మీద మనసు పడిందంటే పడదూ మరి!

ఆ వాక్యంలో తన పేరెక్కడుందో ఎంత వెతికినా ఆయనకు కనబడలేదు. అయినా నోరెత్తలేదు. ఆ ఫ్యాక్టరీలో ముద్ర పడ్డ కాగితం శిలాశాసనం. బోల్టు ఆరు చుట్లు బిగించమని ఉంటే ఆరే. పక్కన పిడుగు పడ్డా ఏడో చుట్టు తిప్పరు. మేనేజరు ఏదో పుస్తకం మొదటి పేజీ నుంచి ఆ వాక్యాన్ని తెలుగు అక్షరాల్లో దింపించి, కింద "యథాతథంగా పాటించవలెను" అని ముద్ర గుద్ది పంచాడు. వాళ్ళ భాషలో మన పేర్లు అలా మారతాయి కాబోలునని స్టోర్ కీపర్ సరిపెట్టుకున్నాడు.

భార్యకు మాత్రం చెప్పలేదు. పోయినేడు ఈత నేర్చుకుంటున్నానని చెప్పిన పాపానికి, ఆయన మునిగిన వైనం వీధంతా కథలుగా చెప్పుకుంది.

ఆ ఇల్లాలికి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలు పొంగితే పొయ్యిని అనుమానిస్తుంది, పొంగకపోతే పాలవాణ్ణి. తువ్వాలు ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల మొగుడు ఎవరితోనో మెత్తగా, పెళ్ళైన కొత్తలో తనతో కూడా మాట్లాడనంత మర్యాదగా మాట్లాడుతున్నాడు. మాటిమాటికీ నకమురా అంటున్నాడు. ఫోను చూస్తే భోజనాల బల్ల మీదే ఉంది. అంటే రెండో ఫోనుందన్నమాట.

"లోపల ఎవరితోనండీ మాటలు?"

"మాటలా? గొంతు సవరించుకున్నా."

ఇరవైసార్లు సవరించుకునే గొంతు ఏ మగాడికీ ఉండదని ఆవిడకు తెలుసు. మంగళవారం తలుపు సందులోంచి చూస్తే, మొగుడు అద్దం ముందు నడుము వంచి దణ్ణం పెడుతున్నాడు. ఎవరినో బతిమాలుతున్నాడని తేలిపోయింది. బుధవారం తమ్ముడికి కబురు వెళ్ళింది. అతగాడు బీమా ఏజెంటు. ఎదుటివాడు ఆరోగ్యంగా ఉన్నానన్నా నమ్మడు. వచ్చీ రాగానే పరుపు కింద, బియ్యం డబ్బాలో, బావ బూట్లలో రెండో ఫోను కోసం వెతికాడు. ఫోను దొరకలేదు గాని, చొక్కా జేబులో ఆ కాగితం దొరికింది. అందులో వాక్యాన్ని తన ఫోనుకి చదివి వినిపిస్తే, అది అర్థం చెప్పింది: "నేను నకమురాని."

తమ్ముడు ఫోనుచేత ఆ అర్థాన్ని మరోసారి చెప్పించాడు. తరవాత మెల్లగా అన్నాడు. "అక్కా, నకమురా ఆడమనిషి కాదు. బావే. పేరు మార్చేసుకున్నాడు."

పేరు మార్చుకునేవాడు ఊరు వదలడానికే మార్చుకుంటాడని అతను గట్టిగా చెప్పాడు. ఇల్లాలు వెంటనే మొగుడి పెట్టెకి తాళం వేసింది. అనుమానపు మనిషేగాని, మొగుడంటే ఆవిడకు ప్రాణం. ఆ రాత్రి అన్నం సహించలేదు. గురువారం అత్తగారికి చెప్పక తప్పలేదు. పెద్దావిడ విని, వాడికి పేరు పెట్టింది నేను, మార్చడానికి వాడెవడు, అని మాత్రం అంది.

శుక్రవారం ఇల్లాలూ, తమ్ముడూ, అత్తగారూ ఆయన్ని ఊరు వదలకముందే పట్టుకోవాలని ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగారు. వారం రోజులుగా గేటు పక్కన అందరూ ఆ వాక్యం వల్లించడం వింటున్న వాచ్‌మన్‌ని ఇల్లాలు గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడ నకమురా అనే పేరుతో ఎవరైనా తిరుగుతున్నారా?"

"ఏడుగురున్నారమ్మా, అందరూ హాల్లోనే. మీకే నకమురా కావాలి?"

ముఠా అని తమ్ముడు గొణిగాడు. మరుక్షణం ముగ్గురూ వాచ్‌మన్‌ని తోసుకుంటూ హాల్లోకి ఉరికారు.

హాల్లో పరిస్థితి అంతకంటే అధ్వాన్నంగా ఉంది. విభాగాల పెద్దలు ఏడుగురూ వరసగా నిలబడి ఉన్నారు. మొదటివాడు నకమురా అన్నప్పుడు అతిథులు సంతోషించారు. రెండోవాడికి ఆశ్చర్యపోయారు. నాలుగోవాడికి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆరోవాడు కూడా నకమురాయే అయ్యేసరికి ముగ్గురిలో పెద్దాయన సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. పేర్లు దాచేవాళ్ళు పంపుల్లో ఇంకేమేం దాచారోనని ఆయన అడుగుతున్నట్టు దుబాసీ మేనేజరుకి చెప్పాడు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సమయంలో ఏడోవాడైన స్టోర్ కీపర్ నడుము వంచి, ఐదు రోజుల సాధననంతా కూడగట్టుకుని, తాను నకమురానని విన్నవించాడు.

"ఒరేయ్!" అంది తల్లి వెనకనుంచి. "నకమురా ఎవడ్రా? తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని, నీ పేరేంటో నాకు తెలీదూ?"

తెలుసని రుజువు చేస్తూ ఇంటిపేరుతో సహా, తండ్రి పేరూ తాత పేరూ కలిపి, హాలు చివరిదాకా వినబడేట్టు చెప్పింది. స్టోర్ కీపర్ కళ్ళు మూసుకున్నాడు. కిటికీలేని గది ఇక జన్మకి వదలదనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి జపాను పెద్దాయన తల్లికి ఎదురుగా నిలబడి, వంగి నమస్కరించి, పేరు మళ్ళీ చెప్పించుకుని పుస్తకంలో రాసుకుంటున్నాడు. మిగతా ఆరుగురి తల్లులూ రాలేదా అని దుబాసీచేత అడిగించాడు కూడా.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. ఫ్యాక్టరీ మొత్తంలో సాక్ష్యంతో సహా తెలిసిన పేరు ఒక్కటేనని, కొత్త విభాగానికి ఆ మనిషే ఇన్‌చార్జి అని రాశారు. స్టోర్ కీపర్ ఆ కాగితాన్ని భార్య చేతిలో పెట్టి, ఆనందం పట్టలేక కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. తిరగేసి చూసింది. ముద్రని గోటితో గీకింది. తరవాత వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోను చేసింది.

"ఏడుగురుండగా మీ బావనే ఎందుకు ఎంచుకున్నారో, కాస్త కనుక్కోరా."