పాతిక ఎద్దుల ముఠా

“సుజనా, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో నా కంటికి చిక్కని మోసగాడు ఇంకా పుట్టలేదు,” అని మా ఆయన ఉదయ్ భాస్కర్ నా చున్నీతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ప్రకటించారు.

మా పెళ్లయి ఇరవై రెండు రోజులు. ఆయన పశువుల బీమా కంపెనీలో మోసాలు పట్టే ఇన్వెస్టిగేటర్. భద్రాచలంలో దర్శనమని బయల్దేరదీసి, బైకును చర్ల వైపు తిప్పారు. నాకేం, ఆయన వీపుకు ఆనుకుని కూర్చుంటే ప్రతి గుంతా పండగే.

అడవి అంచు ఊళ్లో భీమక్క ఎద్దు పాము కరిచి చనిపోయింది. డాక్టర్ సర్టిఫికెట్ ఉంది, ఫొటో ఉంది. చెవికి వేసిన పసుపు ట్యాగ్ మాత్రం లేదు. అది లేనిదే కంపెనీ పైసా ఇవ్వదు.

“ఒక్క ఎద్దుతోని అరక నడువది సారూ. తొలకరికి ఇంకోటి కొనకపోతే చేను బీడే,” అంది భీమక్క.

“కన్నీళ్లు నా దగ్గర చెల్లవు,” అన్నారు ఈయన. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

చేనుగట్టున ఇప్పచెట్టు కింద నేలంతా నల్లగా కాలి ఉంది. ఈయన మోకాళ్ల మీద కూర్చుని బూడిద వాసన చూశారు.

“చూసినవా? గిట్టల గుర్తులు కనపడకుండ తగలబెట్టిన్రు. ఎద్దు బతికే ఉంది. ఛత్తీస్‌గఢ్‌కు దాటించిన్రు.”

“అది పువ్వు ఏరుకునేటందుకు సారూ. ఆకు కాలవెడ్తేనే రాలిన ఇప్పపువ్వు కనవడ్తది. అన్ని చెట్ల కింద గట్లనే ఉంటది, చూడుండ్రి.”

చూశారు. చుట్టూ పాతిక చెట్ల కింద నల్లగానే ఉంది. ఆయన గొంతు తగ్గించారు.

“పాతిక ఎద్దులు, సుజనా. పెద్ద ముఠా.”

ముఠా పారిపోయిన దారి వెతుకుతూ ముళ్లకంచెలో ఒక సందు కనిపెట్టారు. “అటు పోకుండ్రి, రేగుముండ్లు,” అని భీమక్క అంటూనే ఉంది. తల దూర్చారు, భుజాలు దూర్చారు, ఆగిపోయారు.

“సుజనా.”

“ఆఁ.”

“నేను ఇరుక్కోలేదు. నిఘా వేసిన.”

ఒక కాలు భీమక్క, ఒక కాలు నేను పట్టుకుని లాగాం. సగం కంచె ఆయనతోపాటే వచ్చింది. వీపు మీద ముళ్లు ఒక్కొక్కటే తీస్తున్నాను. ఒక రేగుకొమ్మకు పసుపు ట్యాగ్ వేలాడుతోంది. ఎద్దు ఎప్పుడో అదే సందులో తల దూర్చినట్టుంది. నంబరు నేను చదివాను, ఆయన ఫైల్లో చూశారు. ఒక్క అంకె తేడా లేదు.

భీమక్క దాన్ని తీసుకుని కొంగుతో తుడిచింది.

“సాక్ష్యం కంచెలో ఉన్నదని నాకు ముందే తెలుసు,” అన్నారు మావారు ముల్లు గుచ్చుకున్న బొటనవేలు చప్పరిస్తూ. “క్లెయిమ్ నిజమని రిపోర్ట్ రాస్తా.”

“రాయుండ్రి సారూ. రాసినంక జర కంచె గూడ కట్టుండ్రి. మేకలు జొరబడ్తయి.”

రాశారు. కంచె కూడా కట్టారు. ఆయన కట్టిందంతా విప్పి భీమక్క మళ్లీ కట్టింది.