రాలని కుడి చెవి

విద్యార్థి సంక్షేమంలో పీజీ చదివేవాళ్ళకి మూడో సెమిస్టరులో చెవులు రాలిపోతాయి. రాలిన చెవులు ఆఫీసులో అప్పగిస్తే పట్టా ఇస్తారు. పట్టా ఉంటే ఏదో ఒక హాస్టల్లో వార్డెను ఉద్యోగం ఖాయం.

నొప్పి ఉండదు. పిల్ల ఎదుట నిలబడి ఏడుస్తుంటే తల ఎంత ఊపాలి, ‘చూద్దాం’ అన్న మాట ఎంత మెత్తగా అనాలి, వాచీ కేసి ఎప్పుడు చూడాలి, ఇవన్నీ రోజూ చేయిస్తారు. శ్రద్ధ ఉన్నవాళ్ళకి దసరా లోపే రాలతాయి.

హేమలతకి ఎడమది రాలింది. కుడిది రాలలేదు. తల బాగానే ఊపేది. కానీ హాస్టల్లో ఎవరైనా దగ్గితే లేచి కూర్చునేది. రెండోది కూడా రాలకపోతే చదివిన చదువు దండగ. ప్రొఫెసరు జగ్గారావు గారు ఆ చెవి పట్టుకుని లాగి చూశారు.

“గట్టిగానే ఉందమ్మా. ఎవరి మాటైనా వింటున్నావా?”

“లేదు సార్.”

“అదే మరి. మానుకో.”

ఆయనకి చెవులు లేక చాలా ఏళ్ళయింది.

ఆఖరి పరీక్షకి నిజం పిల్లని నిజం కష్టంతోనే తెస్తారు. ఉత్తుత్తి కష్టానికి చెవి కదలదు. ఆ రోజు రత్నం అనే డిగ్రీ పిల్ల వచ్చింది.

“మేడం, మా రూములో గౌరికి కళ్ళు పచ్చబడిపోనాయి. నీళ్ళు తాగినా కక్కీసింది. ఆటోవోళ్ళు ఈ కొండ మీదకి రామంతన్నారు. కాలేజీ జీపిస్తే పెద్దాసుపత్రికి తీసుకుపోతాం.”

జీపు తాళం బల్ల మీదే ఉంది. హేమలత చెయ్యి అటు కదిలింది. జగ్గారావు గారు ఆ చెయ్యి కేసి చూశారు. చెయ్యి వెనక్కి వచ్చింది.

“చూద్దాం,” అంది హేమలత, మెత్తగా.

చెవి బల్ల మీద పడింది. పరీక్షకులు చప్పట్లు కొట్టారు.

“చూద్దామంటే ఎప్పుడండి, మేడం?”

హేమలత వాచీ కేసి చూసింది. దానికి మార్కులు వేరే ఉన్నాయి.

ఆ వారం తిరక్కుండానే గౌరి పోయింది. హేమలతకి ఆ పిల్ల ఉన్న హాస్టల్లోనే ఉద్యోగం వచ్చింది. మొదటి పని సంతాప సభ. వేదిక మీద అధికారులంతా మౌనంగా తలలు వంచి నిలబడ్డారు. రెండు నిమిషాలయ్యాక బెల్లు కొట్టారు. పిల్లలు కూర్చున్నారు. వేదిక మీదవాళ్ళు కూర్చోలేదు. మళ్ళీ కొట్టారు.

“ఎవరైనా ఎల్లి చెప్పండే,” అంది వెనక వరసలో ఒక పిల్ల.

“చెప్పాం గదే,” అంది రత్నం.

పిల్లలు కాసేపు చూసి క్లాసులకి పోయారు. వేదిక మీదవాళ్ళు ఇప్పటికీ నిలబడే ఉన్నారు. హాజరు పడుతోంది, జీతమూ పడుతోంది.