మా పెద్దగదికి ఎవరూ రావద్దు

ఎవరూ చూడదలుచుకోని దేశంలో పుట్టడానికి పెట్టిపుట్టాలి. వేళాకోళానికి అనడం లేదు. మొన్న మా పేపర్లో ఒక లిస్టు పడింది, జనం వెళ్లడానికి ఇష్టపడని దేశాల లిస్టు. కొన్నింటికి కారణం యుద్ధం, కొన్నింటికి దొంగలు, కొన్నింటికి దోమలు. మా మల్దోవా పేరు పక్కన మాత్రం 'ఎక్కడుందో తెలియదు' అని రాశారు. అంటే దొంగలకూ దోమలకూ కూడా మా అడ్రసు దొరకలేదన్నమాట! ఇంతకన్నా భద్రత ఎక్కడుంటుంది?

టూరిస్టులు ఎగబడే ఊళ్ల గతి చూడండి. వేరే దేశంలో సముద్రం పక్కన ఉండే మా తోడల్లుడు తన ఇంటికి తను వెళ్లాలన్నా క్యూలో నిలబడాలి. అతను ఆరేసిన బనీన్లు నలభై దేశాల ఆల్బముల్లో ఉన్నాయి. మా ఊళ్లో బాతు రోడ్డు దాటితే ఫొటో తీసేవాడు లేడు. అందుకే మా బాతులకు ఇంకా పొగరెక్కలేదు. మా ఎయిర్‌పోర్టులో ఆఫీసరు "ఎందుకొచ్చారు?" అని అడిగితే అది అనుమానం కాదు, నిజంగా తెలుసుకోవాలనే. జవాబు వినడానికి పక్క కౌంటరు వాళ్లు కూడా లేచి వస్తారు.

అసలు లాభం మాత్రం మా పెద్దగదికి. మా ఇళ్లలో అన్నిటికన్నా మంచి గది అతిథులది. గోడకు తివాచీ, మంచం మీద కప్పుదాకా పేర్చిన దిండ్లు. ఇంటివాళ్లం ఐదుగురం వంటింట్లో ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఒకరి సూపులో ముంచుతూ తింటాం. మా మామగారు ఆ మంచం మీద ఇరవై ఏళ్లు ఆశపెట్టుకున్నారు. చివరికి పోయాక, ఆచారం ప్రకారం ఆ గదిలోనే పడుకోబెట్టాం. ముఖంలో ఎంత తృప్తో! అతిథులు వస్తూపోతూ ఉంటే ఆయనకు ఆ భాగ్యం దక్కేదా?

నిజం దాచను. పోయిన ఆగస్టులో ఒకడు వచ్చాడు. ఏ దేశమో, పొడుగాటి మనిషి, సైకిల్ పంక్చరై మా గేటు ముందు దిగాడు. ముప్పై ఒక్కేళ్లుగా అతిథి కోసం ఎదురుచూస్తున్న మా ఆవిడ అగ్రిపినా పెద్దగది తలుపు తీసి, జున్ను కూరిన రొట్టెలు పొయ్యిలో పెట్టింది.

అతను బూట్లు విప్పాడు. చేతులు వెనక్కు కట్టుకుని, గడప దగ్గరే నిలబడి, గదంతా శ్రద్ధగా చూశాడు. తర్వాత, మా భాష నాలుగు ముక్కలు వచ్చేమో, ఎంతో మర్యాదగా "మ్యూజియం టికెట్ ఎంత?" అన్నాడు. మేం తేరుకునేలోపు గుమ్మం మీద చిల్లర పెట్టి, టైరు అతికించుకుని వెళ్లిపోయాడు.

"నన్ను కాపలాదాన్ననుకున్నాడయ్యా," అంది అగ్రిపినా. "ఒక్క ముక్క కూడా తినలేదు."

పక్కింటి త్రోఫిమ్ కంచె మీద నుంచి తొంగిచూశాడు. "పోనీలే వదినా, మ్యూజియం ముందు రొట్టెలు పెడితే బాగా అమ్ముడుపోతాయిలే," అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఆ రొట్టెలు మేమే తిన్నాం, వంటింట్లో.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, దయచేసి రాకండి. పొరపాటున వచ్చేస్తారేమోనని గుర్తులు చెబుతున్నాను. చర్చి దాటాక బావి, బావి తర్వాత మూడో ఇల్లు, నీలం గేటు. ఆ ఇంటిని తప్పించుకుని పోండి. గేటుకు గొళ్లెం లేదు, తోసి చూడకండి. ఆదివారాలు కుక్కను కట్టేస్తాం, దాని ఆరోగ్యం కోసం. ఆ రోజే పెద్దగదిలో పొయ్యి వెలిగిస్తాం, చెమ్మ పట్టకుండా. అగ్రిపినా ఆరో ప్లేటు కూడా పెడుతుంది, అదేదో అలవాటు, మీరు పట్టించుకోకండి.

ఒకవేళ వచ్చేస్తే మాత్రం గడప దగ్గర నిలబడకండి. లోపలికొచ్చి కూర్చోండి.